ఆదిమ తల్లికి నోరు

మ్యూజియం వెనక గదిలో బాబాయి, ఒళ్లో బిడ్డతో కూర్చున్న ఆదిమ తల్లి మట్టిబొమ్మకు పెదాలు దిద్దుతున్నాడు. ఆయన అన్న కూతురు, పాతరాతి కాలపు ఎముకలు పరిశోధించే పిల్ల, పక్కన నిలబడి చూస్తోంది.

"నోరు తెరవాలి బాబాయ్."

"వీళ్లకి మాటలెక్కడివే?"

"మాటల సంగతి తెలీదు. ఆ, ఊ అని మాత్రం పలికేవాళ్లు. గొంతెముక చూసే చెబుతున్నా."

"ముప్ఫై ఏళ్లుగా అందరికీ నోరు మూసే నిలబెట్టా. ఒక్కరూ అడగలేదు."

"తెరిస్తే పళ్లు చెక్కాలనేగా మూశావు?"

బాబాయి దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "నీ ఎముకని నమ్మి రెండు రోజులు పళ్లు చెక్కమంటావా?"

"ఎముకని నమ్మకు. పళ్లుండవని ఒళ్లో బిడ్డకి నోరు తెరిచి ఏడిపించావుగా! బిడ్డ అంతలా ఏడుస్తుంటే ఏ తల్లి నోరు మూసుకుని కూర్చుంటుంది?"

ఆయన బిడ్డను చూశాడు, తల్లిని చూశాడు. కత్తి తీసి పెదాల మధ్య దించాడు.

"పై వరసలో ఎన్ని పళ్లో చెప్పవే."