ఆవలి ఒడ్డు పిలుపు

మన గంగకు ఉత్తరం ఒడ్డున, పాత రేవు కాడ, ఒక చింతచెట్టున్నది, ఎర్కే గదా. దాని కింద మీరెవ్వరూ కూసోలే, మీ అయ్యలు గూడ కూసోలే, కాయంత రాలి పురుగులు తింటయి గని ఒక్క ఆడమనిషి ఒడిల ఏరుకపోయింది లేదు. కోతులు సుత ఎక్కవని చెప్పుకుంటరు. అది అబద్ధం, కోతులు ఎక్కంగ నేనే చూసిన. మనుషులు మాత్రం పోరు. ఇగ గీ రాజమల్లు, వంతెన మీదికెల్లి పోతే చుట్టు తిరుగుడైతదని, చేపలోళ్ల తెప్ప మీద పాత రేవు దాటి ఆ అడివి తొవ్వ పట్టుకుంటే రెండు గంటలు కలిసొస్తయని పొద్దుటిసంది అంటున్నడు. కూసో రాజమల్లూ. ఆ కలిసొచ్చే రెండు గంటల్ల ఒక గంట నాకియ్యి.

అప్పటికి వంతెన లేదు. ఈ ఒడ్డు దాక రోజుకొక్క బస్సు వచ్చేది, అది గూడ వాన పడితే వాగు కాడనే తిరిగిపోయేది. ఆ ఒడ్డున బస్సు పేరే లేదు. రేవు దాటినంక ఉత్తరం దిక్కు ఎటు చూసినా టేకు అడివి, పది కోసుల తొవ్వ, నడుమ మూడు వాగులు, ఊరన్నది లేదు, పులి మాత్రం ఉన్నది. ఆ అడివికి ఆ కొసన మొర్రిగూడెం. అక్కడికెల్లి ఎవలన్న మన దిక్కు రావాల్నంటే ముందటి రోజు పొద్దుగాల బండి కట్టుకొని, నడుమ వాగొడ్డున మంట పెట్టుకొని పండుకొని, మల్లనాడు పగటియాల్లకు చింతచెట్టు కాడ తేలుదురు. గంగ నిండుగ ఉంటే ఈ ఒడ్డుకు ఆ ఒడ్డున నిలవడ్డ మనిషి బొటనేలంత కనవడతడు. ఇగ అక్కడికెల్లి చేతులు నోటికి పెట్టుకొని కేకేస్తే ఓదెలు నావ తీసుకపోయేటోడు. గట్లుండె ప్రయాణం. ఇప్పుడు బస్సుల సీటు దొరకకపోతేనే మీరు మొఖాలు మాడ్చుకుంటరు.

ఓదెలు నాకు చిన్నాయన వరుస. వాళ్ల తాతల కాలంకెల్లి ఆ రేవు వాళ్లదే. మాట మొరటు గని మనసు మెత్తన. పెండ్లాం తొందరగ పోయింది, మల్ల చేసుకో అంటే చేసుకోలే, ఉన్నది ఒక్క బిడ్డ, బానక్క. ఆ పిల్ల అన్నం తిన్నది నావల, నిద్రపోయింది నావల, ఎక్కినోళ్లందరికి ముచ్చట్లు చెప్పుకుంట పెరిగింది. ఇగ వాళ్ల ఇంట్ల ఒక కట్టుబాటుండె. ఆవలి ఒడ్డుకెల్లి ఎవలు పిలిచినా ఒక్క పిలుపుకు పోవద్దు, రెండో పిలుపుకు పోవద్దు, మూడోది ఇనవడ్డంకనే నావ తోసే గడ ముట్టాలె. ఎందుకంటె, దెయ్యం రెండుసార్లే పిలుస్తదట, మూడోసారి పిలిచే శక్తి దానికి లేదట. ఓదెలు అన్న లచ్చన్న ఒకనాడు ఒక్క పిలుపుకే నావ తీసిండు. నావ నడి గంగల బోర్ల పడి దొరికింది, లచ్చన్న దొరకలే. అప్పటిసంది ఓదెలు పిలుపు ఇనవడితే వేళ్లు మడుచుకుంట లెక్కపెట్టేటోడు, మూడోది వచ్చేదాక ఆ దిక్కు చూసేటోడు గూడ కాదు, చూస్తే మనసాగదనేటోడు. బిడ్డకు గూడ గదే నేర్పిండు. రేపు నువ్వు అత్తగారింటికెల్లి వచ్చేటప్పుడు మూడుసార్లు పిలువాలె, నా బిడ్డవైనా సరే మూడోది ఇనంది నేను రాను అన్నడు. పదిసార్లు పిలుస్త తియ్యి బాపూ అని ఆ పిల్ల నవ్వేదట.

బానక్కను మొర్రిగూడెం ఇచ్చిండు. గంత దూరం ఎందుకిస్తివి అని మా అమ్మ అడిగితే, దూరమేంది వదినా, నడుమ ఉన్నది నా గంగనే గదా అన్నడు. అడివి సంగతి మరిచిపోయిండు. మల్ల ఏడు బిడ్డ నీళ్లోసుకున్నదని కబురు వచ్చింది, తొలి కాన్పు పుట్టింట్లనే కావాలె గదా, ఇగ ఓదెలు కాలు నేల మీద నిలువలే. మంత్రసానికి చెప్పి పెట్టిండు, నెయ్యి పోగు చేసిండు, గుడిసెకు కొత్త గడ్డి కప్పిండు, మంచానికి కొత్త నులక అల్లిండు, అల్లి దాని మీద ఎవ్వర్ని కూసోనియ్యలే. అల్లుడు చెప్పి పంపిండు, పెత్తరమాస పక్షం నడుస్తున్నది, సచ్చినోళ్లు ఇండ్ల చుట్టు తిరిగే రోజులు, నిండు మనిషిని గిసొంటి రోజుల్ల అడివి దాటియ్యద్దు, అమాస పోయిన మూడోనాడు తోలుకొస్త అని. ఓదెలు గదే మంచిదన్నడు.

అమాస ఇంక ఐదు రోజులున్నదనంగ, పొద్దు నెత్తి మీదికి వచ్చింది, రేవుల మనిషన్నోడు లేడు, ఓదెలు నావ సందులకు గుగ్గిలం కూరుతున్నడు. ఆవలికెల్లి, బాపూ, అని ఇనవడ్డది.

ఓదెలు లేచి నిలవడ్డడు. ఎట్ల లేవకుంట ఉంటడు, అది బిడ్డ గొంతు. గడ మీద చెయ్యి గూడ వేసిండు. ఇగ చెయ్యి వేసినంక బుద్ధి పనిచేసింది. ఇయ్యాల బిడ్డ రాదు గదా, అమాస పోయినంక వస్తది గదా, అల్లుడు లేకుంట ఒక్కతి ఎట్లొస్తది, బండి ఎడ్ల మువ్వలు లేవు, బండి తోలేటోని అదిలింపు లేదు, పెద్దల దినాలు, పగటియాల్ల, ఒక్క ఆడగొంతు. అది గాకపోతే ఇంకేముంటది? చిటికెనేలు మడిచిండు. మల్ల, బాపూ, అన్నది. ఈసారి చిన్నగ వచ్చింది, కొసకు తెగింది. ఓదెలు రెండో వేలు మడిచిండు. మడిచి గంగకు వీపు పెట్టిండు.

మూడోదాని కోసం నిలవడ్డడు. రావద్దనే నిలవడ్డడా, రావాల్ననే నిలవడ్డడా, ఆయనకే తెల్వది. నావ నీడ జానెడు జరిగింది, రెండు జానలు జరిగింది. రాలే. హమ్మ బతికిన అనుకున్నడు. మా అమ్మ నీళ్లకు పోతే, ఇయ్యాల నా బిడ్డ గొంతు పెట్టుకొని వచ్చింది వదినా, ఎంత జాలి లేని ముండ అదీ అని తిట్టిండు. తిట్టుకుంటనే అంబలి తాగిండు.

పొద్దు వంగినంక ఆవలికెల్లి మగగొంతు ఇనవడ్డది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆగకుంట. ఓదెలు దబ్బదబ్బ నావ తీసిండు. నడి గంగకు పోయినంక మనిషిని గుర్తువట్టిండు, మొర్రిగూడెం చుక్కయ్య, అల్లుని ఇంటి బండి తోలేటోడు. అక్కడినుంచి గడ ఎట్ల వేసిండో ఆయనకు యాది లేదు. చింతచెట్టు మొదట్ల బానక్క చెట్టుకు ఒరిగి కూసున్నది, కండ్లు ఈ ఒడ్డు దిక్కే ఉన్నయి. పానం లేదు. కడుపుల ఉన్న బిడ్డ కడుపులనే ఉన్నది.

చుక్కయ్య ఏడ్చుకుంట చెప్పిండు. నెలలు నిండకముందే నొప్పులు మొదలైనయట, మొర్రిగూడెం మంత్రసాని బిడ్డ అడ్డం తిరిగింది నాతోని కాదన్నదట, ఈ ఒడ్డు మంత్రసాని చెయ్యి మంచిదని బండి కట్టిన్రు, అల్లుడు కట్టె కొట్టే పనికి పోయి అడివిల ఎక్కడున్నడో తెల్వది, అత్త మంచం పట్టి ఉన్నది. దినాలు గినాలు ఎవలు చూస్తరు అప్పుడు? ఆగకుంట నడిచిన్రు. ఆఖరు వాగుల బండి చక్రం ఇరిగింది. ఎనకకు పోయి కట్టె కొట్టేటోళ్ల బండి తెస్త, కదలకుంట కూసో బిడ్డా అని చుక్కయ్య పోయిండు. ఆమె కూసోలే. కోసు తొవ్వనే గదా, రేవు దాక పోతే బాపు ఉన్నడు అనుకున్నది, నొప్పులు వచ్చినప్పుడు చెట్టు పట్టుకొని నిలవడుకుంట, పోయినప్పుడు నడుచుకుంట, చింతచెట్టు కాడికి చేరింది. చుక్కయ్య బండి తెచ్చేవరకు ఇంక కొంచెం పానమున్నది. బాపును ఏమనకు కాకా, నేను రెండుసార్లే పిలిచిన, మూడోది గొంతుల కెల్లి రాలే, తప్పు నాదే అన్నదట. గదే ఆమె ఆఖరు మాట.

ఓదెలు ఏడ్వలే. ఆమెను ఎత్తి నావల పండపెట్టి, మెల్లగ, కుదుపు లేకుంట ఈ ఒడ్డుకు తెచ్చిండు, కొత్త నులక మంచం మీద పండపెట్టిండు. ఆ మంచం చూసి ఊరు ఊరంత ఏడ్చింది. గా సుట్ట ఇటియ్యి, బుచ్చవ్వా.

ఇగ పన్నెండోనాటికెల్లి మొదలైంది. పొద్దు నెత్తి మీదికి రాంగనే ఆవలికెల్లి, బాపూ. కొంచెం ఆగి మల్ల, బాపూ. గంతే, మూడోది లేదు. ఒక్కనికి ఇనవడ్డది గాదు, బట్టలుతికేటోళ్లకు ఇనవడ్డది, బస్సు దిగినోళ్లకు ఇనవడ్డది. ఓదెలు మొదటి పిలుపుకే నావ తీసేటోడు, తీసుకపోతే చెట్టు కింద ఏముంటది, రాలిన ఆకు. రోజూ గట్లనే. నెల రోజులైనంక గుడిసె పీకి ఆవలి ఒడ్డున, ఆ చింతచెట్టు కిందనే వేసుకున్నడు. దెయ్యమున్న చెట్టు కింద ఎవలన్న కాపురముంటరా అంటే, దెయ్యమేందిరా, నా బిడ్డ అన్నడు. ఇగ నా బిడ్డకు పిలిచే పనే లేదు, నేను పక్కనే ఉంట అన్నడు.

పక్కనే ఉన్నడు. పగటియాల్ల అయింది. ఆయన చెవు పక్కనే, బాపూ, అని వచ్చింది, గంగ దిక్కు మొఖం పెట్టి పిలిచినట్టు. ఓదెలు, ఇక్కడనే ఉన్న బిడ్డా అన్నడు. మల్ల, బాపూ, అని ఈ ఒడ్డుకే. నీ ఎనక ఉన్న బిడ్డా, ఇటు తిరుగు, ఇటు చూడు అని మొత్తుకున్నడు, గాలిల చేతులాడించిండు. ఆమెకు ఇనవడలే. ఆమె పిలిచేది ఈ ఒడ్డున ఉన్న బాపును గదా. పదిహేను రోజులు గట్ల పక్కన కూసోని మొత్తుకున్నడు. మనిషి సగమైండు.

ఆ తరువాత మల్ల గుడిసె పీకి ఈ ఒడ్డుకు వచ్చిండు. మల్లనాడు పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి నీళ్లల్ల మోకాళ్ల దాక దిగి నిలవడ్డడు. బాపూ, అనంగనే ఈడికెల్లి గట్టిగ, వస్తున్న బిడ్డా, అన్నడు. రెండో పిలుపు రాలే. ఆ రోజు రాలే, తెల్లారి రాలే. ఒక్కసారి పిలుచుడు, ఈయన పలుకుడు, గంతే, గంగ మీద చప్పుడుండకపోయేది. ఓదెలు అప్పుడు ఏడ్చిండు, ఆమె పోయినంక మొదటిసారి, నీళ్లల్ల నిలవడి.

ఇగ అదే ఆయన బతుకు. ఇరవై రెండేండ్లు, ఒక్క పగటియాల్ల తప్పలే. పెండ్లికి పిలిస్తే రాకపోయేటోడు, జరమొస్తే చెద్దరు కప్పుకొని రేవుల కూసునేటోడు. వంతెన కట్టిన్రు, నావ ఎక్కేటోళ్లు లేరు, నావ ఒడ్డున చెద పట్టింది, ఆయన కదలలే. ముసలైనంక గొంతు పోవుడు మొదలైంది. అప్పుడు భయం పట్టుకున్నది. ఇంటింటికి తిరిగి అడిగిండు, నా ఎనుక ఎవలన్న ఒక్కరు పలుకుండ్రిరా, ఒక్క మాటనే గదా, వస్తున్న బిడ్డా అంటే సాలు అని. నన్ను గూడ అడిగిండు. చూద్దాం చిన్నాయనా అన్న. దెయ్యానికి మాటిచ్చే మొనగాడెవడు? అందరం చూద్దామనే అన్నం.

ఓదెలు ఒక పొద్దుటియాల్ల పోయిండు. పాడె కట్టి రేవుకు తెచ్చేవరకు పొద్దు నెత్తి మీదికి వచ్చింది. నలుగురం మోస్తున్నం, కుడి దిక్కు ముందటి భుజం నాది. బాపూ, అన్నది. డప్పు ఆగింది. అందరం నిలవడ్డం. ఒక్కలం పలుకలే, ఒకరి మొఖం ఒకరు చూసుకున్నం. బాపూ, అన్నది. ఇరవై రెండేండ్లకు రెండో పిలుపు. నా నోటి దాక వచ్చింది, ఒట్టు, పండ్ల దాక వచ్చింది, మింగిన. ఇగ రెండు పిలుపులైనయి గదా, ఆగిపోతది అనుకున్నం.

బాపూ, అన్నది. మూడోసారి. దెయ్యానికి చేతగాదన్న మూడోది, ఆమె బతికున్ననాడు గొంతుల కెల్లి రానిది, స్పష్టంగ, మీ అందరికి నా మాట ఇనవడ్డట్టు ఇనవడ్డది. ఇగ ఆ బిడ్డ ఇంకేం చెయ్యాలె? మేం పాడె దబ్బదబ్బ ఇసుక మీదికి దించినం. పలుకలే.

ఇప్పుడు మూడు గాదు, పొద్దు వాలేదాక పిలుస్తదని చేపలోళ్లు చెప్తరు. అందుకే చెప్తున్న, పాత రేవుకు పోకుండ్రి. అది మిమ్ములనేం చెయ్యది, ఇయ్యాల్టి దాక ఎవ్వర్నీ ఏం చెయ్యలే. పిలుస్తది, గంతే. మీరు పలుకరు, నాకెర్క. పలుకకుంట ఇంటికొచ్చి అన్నం తినుడు ఎట్లుంటదో నన్నడుగుండ్రి, అక్కడికి మాత్రం పోకుండ్రి.