వీర్రాజుగారి సర్వరు నిండిపోయిన వైనం

ఉప్పళంలో జయమ్మాళ్ టీ కొట్టు బల్ల మీద వీర్రాజుగారు కూర్చున్నారంటే ఎవరి గ్లాసూ తొందరగా ఖాళీ కాదు. యానాం నుంచి ఈ అరవ ఊరికి బదిలీ మీద వచ్చిన సర్కారు గుమాస్తా ఆయన. ఆ సాయంత్రం ఎత్తుకున్నది ఆటల సర్వరు సంగతి.

“పెద్ద గొప్పేం కాదండి. వచ్చిన కొత్తలో మా పాప హేమశ్రీ అన్నం ముట్టేది కాదు, యానాం స్నేహితులు కావాలని ఒకటే ఏడుపు, నాకు చూడబుద్ధయ్యేది కాదు. ఊరంటే గోడలా ఏవిటండి, పేరు పెట్టి పిలిచేవాళ్లు కదా. సరేనని పేకముక్కంత కంప్యూటరొకటి కొని, బీరువా మీద పెట్టి, ఇటుకలతో ఊళ్లు కట్టుకునే ఆట అందులోకి ఎక్కించానండి. అది ఆగకుండా నడుస్తుంటే ఎక్కడి పిల్లలైనా ఫోన్లోంచి వచ్చి కలిసి ఆడుకోవచ్చు. యానాం పిల్లలు నలుగురొచ్చారు. మా పాప ఆ పూట మారు వడ్డించుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసాండి?”

“చెప్పు నాయనా, పాలు పొంగేలోపల,” అంది జయమ్మాళ్.

“నలుగురు కాస్తా యానాం మొత్తమై ఆటలోకి దిగిపోయారండి. వాళ్ల వెనకాలే కాలాపేట యూనివర్సిటీ హాస్టళ్లు, ఆ వెనక ఒకప్పుడు ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛన్లు తీసుకునే తాతలు, చేతికర్రలతో సహా. పాపం చిన్న పెట్టె, కాలిపోతోంది. చల్లబడుతుందని నీళ్ల కూజా మీద పెడితే కూజాలో నీళ్లు మరిగిపోయాయి, మా ఆవిడ వాటితోనే డికాషను తీసింది.”

“అట్లైతే ఆ పెట్టెని ఈడ పెట్టప్పా, నాకు గ్యాసు మిగులుతాది,” అంది జయమ్మాళ్.

“తెద్దును గానీ, ఆపితే లోపలున్న జనం ఏమైపోతారండి? వీరాంపట్టినం జాలర్లు దాని పచ్చలైటు చూసుకునే ఒడ్డుకొస్తున్నారాయె. మొన్న ఆదివారమైతే జనం మరీ కిక్కిరిసి ఆట నత్తనడకన పడింది. ఆ జబ్బు ఇంట్లో ఆగిందా, వీధిలోకి పాకింది. బీచి రోడ్డు దగ్గర లేచిన కెరటం లేచినట్టే ఉండిపోయిందండి. జనం దాని కిందకెళ్లి సెల్ఫీలు దిగారు. నేను ఓ పదిమంది తాతల్ని బతిమాలి ఆటలోంచి బయటికి పంపితే గానీ కెరటం విరగలేదు.”

పక్కింటి దినకరన్ తన గ్లాసు బల్ల మీద పెట్టాడు. అతని కూతురు జనని, హేమశ్రీ ఒకే క్లాసు.

“నిన్న మా జనని ఫోన్లో నేనూ ఆ ఆటలోకి పోతిని సార్. ఊరు శానా బాగుండాది. మీ యానామే కట్టుండారు, గోదావరి, రేవు, పడవలు, అన్నీ. మనుషులే లేరు. రేవు మెట్ల కాడ ఒక్కరు నిలబడుకోని ఉండిరి. ఆ బొమ్మ తల మీద మీ పేరుండె.”

వీర్రాజుగారు గ్లాసులోకి చూసుకున్నారు. “పిల్లలు ఎప్పుడైనా రావచ్చు కదండి. మా పాప కోసం...”

“పాప మా జననితో బీచిలో ఆడతా ఉండాది సార్. దానికి బెంగ ఎప్పుడో తీరిపొయ్యె,” అన్నాడు దినకరన్ మెల్లగా. “తీరనిది మీకు.”