సుడిగాలికి దారివ్వనివాడు

నా గొప్ప నేను చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. ఎవరైనా అడిగేదాకా ఆగుతాను. ఎవరూ అడక్కపోతే అడిగేదాకా అక్కడే కూర్చుంటాను. ఆ గురువారం లవర్ట్ కటింగ్ షాపులో పొద్దున్నించీ కూర్చున్నాను. కత్తిరించడానికి నా నెత్తిమీద ఏమీ మిగల్లేదని లవర్ట్‌కీ తెలుసు, నాకూ తెలుసు.

అసలు సంగతి వేరే. శనివారం మా కాలేజీలో ఫుట్‌బాల్ ఆట, పాత విద్యార్థులందరూ వచ్చే పెద్ద ఆట. లవర్ట్ దగ్గర రెండు టికెట్లున్నాయి. ఆ రోజు ఊరంతా క్రాపు చేయించుకోడానికి వస్తుంది కాబట్టి అతను షాపు వదిలి రాలేడు. ఒక టికెట్ వాళ్ళక్క మిస్ వెర్డెల్‌ది, పెళ్ళయినా మా వైపు ఆడవాళ్ళని మర్యాదకి మిస్ అనే అంటాం. మెంఫిస్‌లో పిల్లలకి సంగీతం చెబుతుండేది, భర్త పోయాక ఈస్టర్‌కి తమ్ముడింటికి వచ్చేసింది. రెండో టికెట్ ఎవరిదో ఇంకా తేలలేదు. నా భార్య పోయి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళలో నేను ఇస్త్రీ చొక్కా తొడిగింది ఆ వారమే.

మధ్యాహ్నం మిస్ వెర్డెల్ తమ్ముడికి వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె తెచ్చి, డబ్బా ఖాళీ అయ్యేదాకా ఉందామని కిటికీ పక్కన కూర్చుంది. కటింగ్ కుర్చీలో డీకన్ మోస్ మొహం నిండా సబ్బు నురగతో వెనక్కి వాలి ఉన్నాడు. చర్చి పెద్ద కదా, కోతలు వింటే అడ్డు తగలకుండా ఉండలేడు. కానీ గొంతు మీద కత్తి ఉన్నప్పుడు ఏ పెద్దమనిషైనా తక్కువే మాట్లాడతాడు. నాకింతకంటే మంచి అదను దొరకదు.

చిన్నగానే ఎత్తుకున్నాను. అడ్డుకునే జట్టులో నాది నడిమి చోటు మిస్ వెర్డెల్, మీకీ ఆటల గొడవ తెలీదు గానీ, బంతి చంకలో పెట్టుకుని మా గీత వైపు దూసుకొచ్చేవాణ్ణి మట్టి కరిపించడమే మా పని, అందులో అందమూ లేదు చందమూ లేదు, మొదటి ఆటలో నేను చేసింది కూడా పెద్దగా ఏమీ లేదు, అలబామా వాడొకడు పత్తి లారీ అంత మనిషి వస్తుంటే భుజం అడ్డం పెట్టాను, అంతే. వాడు ఎగిరి తన జట్టు బెంచీ మీద పడ్డాడు. బూట్లు మాత్రం మైదానంలోనే నిలబడి ఉన్నాయి. లేసులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాను.

తెలుసన్నాడు లవర్ట్. తెలిసినవాళ్ళకి కూడా చెబుతాను నేను.

రెండో ఏడు ఇంకొకణ్ణి గుద్దితే బంతి వాడి చంకలోంచి జారి, చెట్లు దాటి, మైదానం పక్కనించి పోతున్న గూడ్సు బండి పెట్టెలో పడింది. విజిల్ ఊదేదాకా బంతి బతికున్నట్టే లెక్క. రిఫరీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు, ఊదడం మర్చిపోయాడు. ఇంకేం చేస్తాను, పట్టాల వెంట పరిగెత్తాను. దక్షిణాన గ్రీన్‌వుడ్ స్టేషన్లో బండి అందుకుని, బంతి తీసుకుని, తిరుగుబండి లేకపోతే నడిచే వచ్చేశాను. జనం ఇళ్ళకి పోయి భోజనాలు చేసి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. గీత దాటి బంతి కింద పెట్టాను, అప్పుడు ఊదాడు.

"పోయినసారి ఆ బండి ఉత్తరానికి పోయింది ఎజెల్," అన్నాడు డీకన్ మోస్, పెదవులు కదపకుండా.

"రోజూ ఒకవైపే పోతే దాన్ని బండి అనరు డీకన్, కాలవ అంటారు."

మిస్ వెర్డెల్ నవ్వలేదు. ఇది సరిపోలేదన్నమాట. ఇక సుడిగాలిని దించక తప్పలేదు.

చివరి ఏడు, నవంబరు నెల. అవతలివాళ్ళు మా గీతకి అయిదు గజాల్లో ఉన్నారు. పడమటినించి సుడిగాలి లేచింది. రెండు జట్లూ, రిఫరీలూ, బ్యాండువాళ్ళూ అందరూ జనం కూర్చునే మెట్ల కిందికి దూరారు. కోచ్ నాకు చెప్పింది ఒక్కటే, నిన్ను దాటి ఏదీ పోకూడదని. ఎవడూ అనలేదు చూడండి, ఏదీ అన్నాడు. అది పత్తి చేను దాటి మైదానంలోకొచ్చి, ఎడమకి పోతున్నట్టు నటించి కుడికి తిరిగింది. నా దగ్గరా ఆ వేషాలు? సుడిగాలిని నడుం దగ్గర పట్టకూడదు, అక్కడ గాలి తప్ప ఏమీ ఉండదు, కింద సన్నగా ఉన్నచోట పట్టాలి. పట్టాను. అది మెలితిరిగింది, నేనూ తిరిగాను, మూడో గజం దగ్గర పడుకోబెట్టాను. కడుపులోంచి ఒక కోళ్ళగూడు, పాస్టరుగారి కారు బయటపడ్డాయి. రిఫరీ వచ్చి, ఆట మొదలవకముందే గీత దాటిందని సుడిగాలిని అయిదు గజాలు వెనక్కి పొమ్మన్నాడు. అది పోయింది కూడా.

"కోళ్ళు బతికాయా?" అన్నాడు డీకన్ మోస్.

"గుడ్లు కూడా పగల్లేదు."

మిస్ వెర్డెల్ డబ్బా మీద కప్పి తెచ్చిన గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "ఎజెల్ గారూ, ఒకసారి అటు గోడవైపు తిరుగుతారా?"

నా భుజాల వెడల్పు చూడాలని ఆవిడకి అనిపించడం సహజమే. పొట్ట లోపలికి లాక్కుని తిరిగాను. వెనకనించి పొట్ట కనబడదని తర్వాత తట్టింది.

ఆవిడ లేచి దగ్గరికొచ్చింది. "ఇదే లవర్ట్," అంది తమ్ముడితో. "చెవి కింద జంట పుట్టుమచ్చలు. ఇదే మెడ."

ఆ తర్వాత హాజరు పిలుస్తున్నట్టు నెమ్మదిగా చెప్పింది. తనూ మా కాలేజీయేనట. నాలుగేళ్ళూ బ్యాండులో పెద్ద బాకా ఊదిందట. వాళ్ళ వరస సరిగ్గా ఆటగాళ్ళ బెంచీ వెనకాలే.

"నా ఎదురుగా ఈ మెడే ఉండేది. జాతీయగీతానికి లేచేది, ఆట అయ్యాక లేచేది. మధ్యలో లేవగా నేను చూళ్ళేదు."

"మరి సుడిగాలో?" అన్నాడు డీకన్ మోస్.

"ఆ రోజు వాన పడింది డీకన్ గారూ. ఈయన వెనక్కి చెయ్యి చాచి, బాకా మీద కప్పే గుడ్డ అడిగి నెత్తిన వేసుకున్నారు. ఇచ్చిందెవరో తిరిగి చూడలేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు."

షాపులో ఎవరూ నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది, ఏదో ఒకటి అనేసేవాణ్ణి. ఆవిడ ఏ కాలేజీలో చదివిందని ఈస్టర్ నించీ నేను అడగనే లేదు. నా మాటల్లో అంత ఖాళీ దొరకలేదు.

ఎలాగూ అటే తిరిగి ఉన్నాను కాబట్టి గోడతో అన్నాను. "తడిసిపోయారా?"

"బాకా తడిసింది. నేనూ తడిశాను."

"మరి... శనివారం టికెట్టు?"

లవర్ట్ కత్తి ఆగిపోయింది. నా సిగ్గులేనితనం మీద ఆ షాపులో అందరికీ నమ్మకముంది, అయినా ఇంత అనుకోలేదు.

ఆవిడ అద్దం చట్రంలో దోపిన టికెట్లు రెండూ తీసి, ఒకటి నా భుజం మీదుగా చాచింది. "తీసుకోండి. నా పక్కన మాత్రం కాదు. నా ముందు వరసలో, అలవాటైన చోటే కూర్చోండి. ఈసారి అప్పుడప్పుడు వెనక్కి తిరగండి."

ఆదివారం చర్చి మెట్ల దగ్గర డీకన్ మోస్ నా ఎడమ పక్కకొచ్చి, నిన్న ఎవరు గెలిచారని అడిగాడు. నాకు తెలీదన్నాను. ఆ ముక్క ఆయన మొహం చూసి చెబుదామంటే, మెడ కుడివైపుకి పట్టేసి, మనిషిని మొత్తంగా తిరగాల్సి వచ్చింది.