గంధం నిండిన పోర్టులు

హలో… ఆ, నేనే, ప్రసన్నను. టైము పన్నెండూ పది. ల్యాప్‌టాప్‌లో రెండు పోర్టులు పోయినాయి.

…పోయినాయంటే, ఎవురో ఎత్తుకోని పోలేదు మామా. ల్యాప్‌టాప్ ఈడే నా ముందరే ఉండాది. పక్కన వైర్లు గుచ్చే కంతలు ఉంటాయే, అవి. మొత్తం మూడు. ఎడమపక్క రెండూ పనిచెయ్యడం లేదు. కుడిపక్కది ఒకటే పనిచేస్తాండాది.

…ఎందుకని నన్ను అడగతావా? మొన్న ఆయుధ పూజకు వ్యానుకు బొట్లు పెట్టినావు. స్టెప్నీకి పెట్టినావు. జాకీకి పెట్టినావు. ఆ చేత్తోనే దీనికీ పెట్టినావు.

…మూత మీద పెట్టింటే నేనేమంటాను? పక్కన పెట్టినావు. పన్నీరు కలిపిన గంధం. పిన్నీసుతో గీకితే లోపలినుంచి పచ్చగా వచ్చింది. కుడిపక్కకు వచ్చేలోపల గిన్నెలో గంధం అయిపోయినట్టుండాది. అందుకే అదొకటి మిగిలింది.

…నవ్వొద్దు. ఇది మన సొత్తు కాదు, నేను పనిచేసే ట్రస్టుది. నన్ను నమ్మి ఇంటికిచ్చినారు.

…క్యాంపు డాక్టరుకా? తడి తగిలింది అని చెప్పినాను. ఆయన ఇంకేం అడగలేదు. నువ్వు ఇప్పుడు యాడుండావు? …చిత్తూరులోనే కదా. బాడిగోళ్ళను దించేసినావు కదా. హైరోడ్డులో దామోదరం అని కంప్యూటర్ల షాపు ఉండాది. ఆడికి పో.

…అన్నం తర్వాత తిను. ముందు పో. ఫోను పెట్టేయొద్దు. నడస్తా విను.

ఈ పొద్దు పలమనేరులో చెవి మిషన్ల క్యాంపు. లిస్టులో పదకొండుమంది. పదిమందికి పాత మిషన్లే, రిపేరు చేసి ఇచ్చేసినారు. మిగిలింది భానుశ్రీ. మన నాగులమ్మవ్వ మనవరాలు, ఆరేండ్ల పాప. అవ్వతో పొద్దున ఆరుకే వచ్చి కూచోనుండాది. ఆ పాపకు కొత్త మిషను వచ్చింది.

…చెవికి తగిలిస్తే చాలదు. ఆ పాప చెవికి ఎంత కావాల్నో కంప్యూటర్‌తో దాంట్లో రాయాల. దానికి రెండు గుచ్చాల. ఒకటి సాఫ్టువేరు తాళం, పెన్‌డ్రైవ్ మాదిరి ఉంటాది. అది లేకపోతే సాఫ్టువేరు తెరుచుకోదు. ఇంకోటి డాక్టరు పెట్టె. పెట్టె నుంచి వైరు చెవి మిషనుకు పోతాది. తాళం పెడితే పెట్టెకు చోటు లేదు. పెట్టె పెడితే తాళానికి లేదు.

…ఆ, అదే. ఒక కంతను నాలుగు చేసేది. హబ్ అంటారు. యూఎస్‌బీ హబ్.

…ఈడ అడగలేదనుకున్నావా? ఇంటర్నెట్ సెంటరోళ్ళ హబ్ తెచ్చి పెట్టినాము. పెట్టెకు లైటు వచ్చింది, ఆరిపోయింది. మూడు తూర్లు అట్లనే. ల్యాప్‌టాప్ ఇచ్చే కరెంటు రెండిటికీ చాలడం లేదంట. సొంతంగా గోడకు గుచ్చే అడాప్టర్ ఉండే హబ్ కావాల. అది ఈ ఊర్లో లేదు.

…ఇంకో దినమా? డాక్టరుది రాయవేలూరు. మూడున్నర బస్సుకు పోతాడు. మళ్ళా వచ్చేది శివరాత్రి దాటినాక. పాపకు ఇప్పటికే ఆలస్యమైందంట. ఇంకా ఆలస్యమయ్యేకొద్దీ మాట రావడం కష్టమని ఆయన నాతోనే చెప్పినాడు. అవ్వకు చెప్పలేదు.

వచ్చినావా? …ఏం చూపిస్తాండాడు?

…బొమ్మ మాదిరి హబ్బా? చేతులు రెండు, కాళ్ళు రెండు, నాలుగిట్లో నాలుగు పోర్టులా? వద్దు.

…కండ్లలో నీలం లైటు ఎలిగితే నాకేమి మామా? దానికి అడాప్టర్ ఉందా అడుగు. …లేదు కదా. పక్కన పెట్టమను.

…ఏడు పోర్టులదా? ఏడు మనకెందుకు? అడాప్టర్ ఉందా? …డబ్బాలో లేదా? వేరే ఫోను చార్జరు పెట్టుకోవచ్చంటాడా? ఆ మాట నమ్మొద్దు. ఆయప్పకు ఫోనియ్యి. ఇయ్యి, నువ్వు చెప్పలేవు.

అన్నా, నమస్తే. దామోదరమన్న కదా? …నీకు ఫోనిచ్చిన ధర్మేంద్ర భార్యను. అన్నా, అడాప్టర్ దాంతోపాటే వచ్చిన హబ్ ఒకటి కావాల. పోర్టులు రెండున్నా చాలు.

…నాలుగుదా? దాని అడాప్టర్ మీద ఏం రాసుందో చదవన్నా. …అయిదు వోల్టులు. రెండు ఆంపియర్లు. ఒక్క నిమిషం… సార్, ఫైవ్ వోల్ట్స్, టూ ఆంప్స్… డాక్టరు చాలంటాడన్నా.

అన్నా, ఇంకొక పని. కరెంటు ఎక్కువ లాగేది, తిరిగే హార్డ్ డిస్కు ఉందా నీ దగ్గర? అది ఒక పోర్టులో పెట్టు, ఇంకో దాంట్లో పెన్‌డ్రైవ్ పెట్టు. రెండూ ఒకేసారి నడిచినాయంటే తీసుకుంటాము. …నీ మీద నమ్మకం లేక కాదన్నా. ఈడ ఒకటి మూడు తూర్లు ఆరిపోయింది. …పెట్టన్నా, నేను ఉంటాను.

…

…తిరగతాండాదా? రెండూ కనిపిస్తాండాయా? …అడాప్టర్ పెరికితే? …హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటాందా. మళ్ళా పెట్టు. …వచ్చింది. అదే కావాల. అదే ఇయ్యి.

…అడాప్టర్ పిన్నులు చప్పటివా? మన గోడకు పట్టవు కదన్నా. గుండ్రటి పిన్నుది పైన తగిలించేది ఇస్తావా? …సరే. ఆయనకు ఫోనియ్యన్నా.

మామా, డబ్బా తెరిచి సూడు. హబ్, పొట్టి వైరు, అడాప్టర్, గుండ్రటి పిన్నుది. నాలుగూ ఉండాయా? …ఇప్పుడు టైము పన్నెండున్నర. ఈడ రెండుకు కరెంటు తీస్తారు, నాలుక్కు గానీ రాదు. రాసేదానికి అరగంట కావాల. రాసేటప్పుడు మధ్యలో తెగితే మిషను చెడిపోతాది, కంపెనీకి పంపించాల. అందుకే కరెంటుంటేనే మొదలుపెడతానన్నాడు డాక్టరు. ఒకటిన్నరకు నువ్వు ఈడుండాల.

…గంట చాలు కదా. బిరీన రా. అట్లని ఘాట్‌లో ముందర బండిని దాటొద్దు.

* * *

హలో… యాడుండావు? ఒకటీ ఇరవై అయింది.

…మొగిలి ఘాట్‌లోనే ఉండావా?

…రాళ్ళ లారీనా? అడ్డంగా నిలిచిందా? ఎంత సేపయింది? …ఇరవై నిమిషాలా. ముందరే ఫోన్ చేసి చెప్పేది లేదా?

…సిగ్నల్ లేదా. సరే.

…ఎన్ని బండ్లుండాయి నీ ముందర? …పద్దెనిమిది లెక్క పెట్టినావా. అయితే రెండు లోపల రాలేవు.

…డాక్టరు అన్నం తింటాండాడు. అవ్వ పాపకు పలకిచ్చి కూచోబెట్టుండాది. నా తట్టే సూస్తాండాది. నేనేం చెప్పేది ఆమెకు?

…ఏంది? తెగిపోతాండాది, మళ్ళా చెప్పు. …ఇన్వర్టరా? యాడిది? …పెండ్లి వీడియోవాళ్ళ లైట్లకు వ్యాన్‌లో పెట్టింది. అది ఇప్పుడు ఉందా వ్యాన్‌లో? …ఉందా!

…ఇంజన్ ఆన్‌లో ఉంటే ఎంతసేపైనా ఇస్తాదా. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉండాది. హబ్‌కే కదా కావాల్సింది. వ్యానును ఈ రూము కిటికీ కింద పెట్టి వైరు లోపలికి ఏస్తే… ఉండు, డాక్టరును అడగతాను. …హలో? …మామా? …హలో?

* * *

హలో… నేనే. లోపలినుంచే. నువ్వు వ్యాను దిగొద్దు, ఇంజన్ ఆపొద్దు. టైము రెండూ పదిహేను. కరెంటు సరిగ్గా రెండుకే పోయింది, వ్యాను కరెంటుకు డాక్టరు సరేనన్నాడు.

…అందింది వైరు. హబ్ లైటు ఎలిగింది. తాళం పనిచేసి సాఫ్టువేరు తెరుచుకొనింది. పెట్టె లైటు పచ్చగా నిలబడింది. అయిదు నిమిషాలు ఊరికే సూసినాడు డాక్టరు, ఆరిపోలేదు. ఇప్పుడు మొదలుపెడతాండాడు.

…వినపడతాండాది నీ ఇంజను. మొత్తం రూములో అదే శబ్దం. నువ్వు మాత్రం రేస్ చెయ్యొద్దు, అట్లనే ఉండనియ్యి.

…చెప్పేసినాను. …తడి కాదు, గంధమని. నీ పేరు చెప్పలేదు, మా ఇంట్లో అన్నాను. …ఏమంటాడు? వాళ్ళ ఆసుపత్రిలో మైక్రోస్కోపుకు విభూతి పూసినారంట, అద్దానికే. రెండు నెలలు మూలన పడిందంట. ట్రస్టుకు రేపు నేనే రాసిస్తాను.

…డీజిలు ఎంతుండాది? …ముల్లు కిందికి వచ్చిందా? అరగంటకు చాలుతాదా? …చాలుతాదని ఒట్టేయనక్కర్లేదు. చాలితే చాలు.

ఉండు. మాట్లాడొద్దు… ఇరవై శాతం.

…

…నలభై. …అవ్వ నిలబడింది. కూచో అవ్వా, కూచో.

…

…ఎనభై దగ్గర నిలిచింది. …లేదు, హబ్ లైటు ఉండాది. పెట్టె లైటు ఉండాది. నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు. …కదిలింది. తొంభై.

…

అయింది. రాసింది మళ్ళా చదివి సూసుకుంటాండాడు. …సరిపోయింది. వైరు పెరికేసినాడు. టైము రెండూ నలభై రెండు. ఇంజన్ ఆపు మామా.

…ఇప్పుడు చెవికి తగిలిస్తాండాడు. పాప పెరకను పోయింది, అవ్వ చెయ్యి పట్టుకొనింది.

…లేదు, అవ్వ నమ్మలేదు. కంప్యూటర్‌లో గీతలు చూపిస్తే నాకేం తెలస్తాదప్పా, నేను తోటలో పూలు కోసేదాన్ని, అంటాండాది. డాక్టరు నవ్వతాండాడు. …ఏం సార్? …హారనా?

మామా, పాప కిటికీకి వీపు పెట్టి పలక మీద గీస్తాండాది. నేను చెప్పినప్పుడు ఒక్క తూరి హారన్ కొట్టు. పొడుగ్గా వద్దు, చిన్నగా.

ఆగు. తలెత్తింది. …మళ్ళా గీస్తాండాది. కొట్టు.

…

…నాకు వినిపించింది. అవ్వ కూడా తిరిగి సూసింది. పాప తిరగలేదు.

…లేదు మామా. తిరగలేదు. బలపం కూడా ఆపలేదు.

…అవ్వ పాప దగ్గరికి పోయింది. నువ్వు లోపలికి రావొద్దు, ఆడే ఉండు. డాక్టరు మిషను తీసి సూస్తాండాడు… బ్యాటరీ పెట్టిన తలుపు సగమే మూసుకొనిందంట. అది పూర్తిగా మూస్తేనే ఆన్ అవతాదంట. పాప పెరకను పోయినప్పుడు తెరుచుకొనిందేమో. …నొక్కినాడు. తగిలించినాడు. అవ్వ పాపను మళ్ళా కూచోబెట్టింది. పలకిచ్చింది.

ఆగు.

ఇంకా ఆగు.

గీస్తాండాది. కొట్టు.

…

బలపం కింద పడింది. తిరిగింది. …కిటికీ తట్టే సూస్తాండాది. రెండూ యాభై మూడు. …పెట్టేస్తాండాను.