ఏడో నెల కార్డు

వరద శిబిరంగా మారిన బడిలో మూడో తరగతి గది. నర్సమ్మ, కడుపుతో ఉన్న ఒక మనిషి. గోడవైపు తిరిగి పడుకున్న ఆమె అత్తగారు.

“మళ్ళీ చెయ్యి చాపు. ఇందాక తప్పు చూశానేమో.”

“బీపీ ఎంతుంది నర్సమ్మా?”

“ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. తలనొప్పా?”

“లేదు.”

“కళ్ళు మసకలు?”

“లేదు... పొద్దున కొంచెం.”

“కాళ్ళు చూడు, నొక్కితే గుంట పడుతోంది. ఇన్నాళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?”

“ఇంతమందిలో నా గోల ఎందుకని...”

“పడవ వస్తోంది. పెద్దాసుపత్రికి పంపుతున్నా. అదలా ఉంచు, కార్డులో ఏడో నెలని ఉంది. కడుపు చూస్తే నెలలు నిండినట్టుంది.”

“మా ఇంట్లో పిల్లలు పెద్దగానే ఉంటారు.”

“పుట్టాక ఎవరైనా పెద్దవుతారమ్మా! ఇటు చూడు. ఏడైతే కాన్పు ఆపి చూద్దామంటారు డాక్టర్లు. తొమ్మిదైతే ఇవాళే బిడ్డని బయటికి తీస్తారు. ఆలస్యమైతే నీకు ఫిట్స్ వస్తాయి, ఇద్దరూ దక్కరు. ఈ కార్డు ఎవరిది?”

“మెల్లగా... అత్తయ్య వింటుంది.”

“నిద్రపోతోందిగా.”

“నా తోటికోడలిది. నాది ఇంటితో పాటే పోయింది. నీళ్ళొచ్చినప్పుడు అదే నన్ను ముందు కప్పు మీదికి ఎక్కించింది. ‘తడిసిపోతుంది, పట్టుకో అక్కా’ అని కార్డు అందించింది. నేను కార్డే పట్టుకున్నాను నర్సమ్మా. చెయ్యి పట్టుకునేలోపు...”

“అయ్యో తల్లీ.”

“వేరే శిబిరంలో ఉందని అత్తయ్యతో చెప్పాను. మీరు ఇందులో బరువు రాసినప్పుడల్లా, అదింకా ఎక్కడో మోస్తూనే ఉందనిపిస్తుంది.”

“ఉన్నవాళ్ళ సంగతి చూడాలిగా. నీ నెలలు చెప్పు.”

“కొత్త కార్డు రాస్తే, మరి ఈ పాతది ఎవరిదని అత్తయ్య అడుగుతుంది. అది లేదని తెలిస్తే మెతుకు ముట్టదు. ఏడే ఉండనీండి.”

“ఉండనివ్వను.”

“మీ కాళ్ళు పట్టుకుంటా—”

“తొమ్మిది నిండాయి. రాయండి నర్సమ్మా.”

“అత్తయ్యా! మీరు... పడుకోలేదా?”

“లే, పడవెక్కు. మొన్న దాని శవాన్ని గుర్తుపట్టడానికి రమ్మంటే నేనే వెళ్ళాను. నా చేత్తోనే మట్టి వేశాను. తెలిస్తే నువ్వు అన్నం మానేస్తావని, పూటపూటా నీ ఎదురుగా నేనే ముందు కూర్చుని తిన్నాను.”