పుట్టుమచ్చ లేని ఫొటో

అబ్బ, ఎన్నిసార్లు చూపిస్తావు చెల్లెమ్మా ఆ రెండు ఫొటోలూ! కళ్ళు మూసుకున్నా అవే కనిపిస్తున్నాయి. మీ ఇంట్లో తీసుకున్న ఫొటోలో మీ ఆయన ఎడమ బుగ్గ మీద మిరియపు గింజంత మచ్చ. నేను తీసిన పాస్‌పోర్టు ఫొటోలో అది లేదు. అంతేగా?

ఆ మాత్రానికి పదకొండేళ్ళుగా ఎన్ని కథలు! ఎవడో మీ ఆయన పేరుతో పాస్‌పోర్టు తీసుకున్నాడట. ఆ పాస్‌పోర్టే చూపించి, సభ జరిగే చోటికి ఎదురుగా ఉన్న హోటల్లో గదిలో దిగి, కిటికీలోంచి మంత్రిగారిని కాల్చేశాడట. పోలీసులేమో వాడి బదులు మీ ఆయన్ని ఉరికంబం ఎక్కించారట. ఒకాయన పుస్తకంలో కవలలని కూడా రాశాడు. మీ అత్తగారికి తెలియకుండా కవలలా?

రేపు ఆ కేసు తిరగదోడుతున్న విచారణ సంఘం ముందు నన్నూ ఒక్క ముక్క చెప్పమంటున్నావు, నా ఎదుట కూర్చున్నవాడికి మచ్చ లేదని. ఆ ముక్క దగ్గరే నా ప్రాణం పోతోంది.

కూర్చో. ఆ స్టూలు వద్దు, ఊగుతుంది. ఇటు రా.

ఈ పెన్సిల్ చూశావా? సూదిలా చెక్కుకునేవాణ్ణి. నెగటివ్ మీద మచ్చ ఉన్నచోట దీంతో మెల్లగా దిద్దితే ప్రింటులో మాయం. మొటిమలు, గాట్లు, ఏదీ వదిలేవాణ్ణి కాదు. జనం ఫొటో చూసుకుని మురిసిపోతుంటే నాకదో సరదా. పాస్‌పోర్టు ఫొటోలు దిద్దకూడదని రూలుంది, తెలుసు. చెయ్యి ఊరుకుంటేగా!

అలా చూడకు తల్లీ. అవును, నేనే తీసేశాను.

లేదు, తీసెయ్యమని ఆయన అడగలేదు. కాలరు సరిచేసుకుని, "బాగా రావాలండోయ్, మా ఆవిడ వంకలు పెడుతుంది" అని నవ్వాడు.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటావా? మొదట లైసెన్సు పోతుందని భయం. తర్వాత నువ్వొచ్చావు. మచ్చ లేదని చూపిస్తూ, ఏడుస్తూనే నవ్వావు. ఆ నవ్వు చెరిపే మాట ఎలా అనను? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నీ చేతి కాఫీ తాగుతూ కూర్చున్నాను. సిగ్గులేనివాణ్ణి!

నాన్న ఏ పాపమూ ఎరుగడని చెప్పి పెంచావు మీ అమ్మాయిని. ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ అబద్ధమాడేద్దామనిపిస్తుంది. కానీ నిన్న పేపరు చూశావా? ఆ పాస్‌పోర్టు ఫొటోలోవాడిలా ఉన్నాడని, అసలు హంతకుడు వీడేనేమోనని ఓ బస్సు కండక్టర్ని పట్టుకెళ్ళారు. అతనికీ ఓ పెళ్ళాం ఉంటుంది కదమ్మా.

రేపు నిజమే చెబుతాను. ఆ కుర్చీలో కూర్చున్నది మీ ఆయనేనని. నువ్వు మాత్రం అక్కడికి రాకు చెల్లెమ్మా. నీ ఎదుట ఇంకోసారి ఆ మాట అనలేను.