కొమ్మ చివర

రాచర్ల దగ్గరి చేలో తండ్రీకూతుళ్లు రాలిన చింతకాయలు ఏరుతున్నారు. కూతురికి మర్నాడు ఇంగ్లీషు పరీక్ష.

“నాయనా, ఇంగ్లీషులో ‘కొమ్మ చివరికి పోయినాడు’ అంటే ముప్పుకు తెగించినాడని అర్థమంట.”

“ఎందుకట్ల?”

“కొమ్మ మొదట్లో లావు, చివర సన్నం. కాయలేమో చివర్నే ఉంటాయి కదా.”

“ఆ మాట పుట్టించినోడు చెట్టెక్కినోడే.”

“మరి అమ్మ పడి చచ్చిపోయిన దినం, అంత చివరికి ఎందుకు పోయింది?”

అతను గంపలో కాయలు సర్దుతూనే ఉన్నాడు.

“నేనే పొమ్మన్నా. తేలిక మనిషి, కొమ్మ ఆగుతాదనుకున్నా.”

“అమ్మేమీ అనలేదా?”

“ఇరుగుతాదనింది. పిరికిదానివని నవ్వినా.”

“చివర ఇంకా కాయలుండాయి. నేనూ తేలికే, ఎక్కేదా?”

“వద్దు. కోతులు తినిపోనీ. పోయినేడే వదిలేయాల్సింది.”